చాటింపు

నా బండికి రెండు నోళ్ళు.
ఒకటి ఇంజన్, రెండోది కప్పు మీద తాళ్ళతో కట్టిన లౌడ్‌స్పీకర్.
ఈ ఒహాకా కొండల్లో పదిహేడేళ్ళుగా
గ్యాస్ సిలిండర్లు, వేడి వేడి తమాలేలు,
తప్పిపోయిన పంది, పోయిన మనిషి,
అన్నీ ఒకే గొంతుతో చాటాను.
పందికి మాత్రం కాస్త ఎక్కువ జాలి పెట్టేవాణ్ణి,
అది దొరికే ఆశ ఉంది కాబట్టి.

ఆ అక్టోబరు మంగళవారం
రొట్టెల కొట్టు కుర్రాడు
పరిగెత్తుకొచ్చి ఫోన్‌ని బండి అద్దానికి ఆనించాడు.
'తెల్ల వ్యాన్. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు. అందరికీ చెప్పండి.'
అందరికీ చెప్పడమే కదా నా పని.
డబ్బు అడగలేదు.
నా జన్మలో ఉచితంగా చాటింది అదొక్కటే.

అబద్ధానికి కాళ్ళుండవంటారు.
నేను నాలుగు చక్రాలిచ్చాను.

వ్యాన్‌లో ఉన్నవాడు నసారియో,
కుట్టుమిషన్లు బాగుచేసేవాడు.
సూదుల డబ్బా, నూనె బుడ్డి,
ఎవరి మిషను ఏ వీధిలో ఉందో రాసుకున్న చిన్న కాగితం.
ఆ కాగితాన్నే పిల్లల జాబితా అన్నారు.
ఫాదర్ అడ్డం పడబట్టి ప్రాణం దక్కింది.
వేళ్ళు దక్కలేదు.

'నిప్పు లేనిదే పొగ వస్తుందా?' అంది మా వదిన ఆ రాత్రి.
వచ్చింది వదినా.
దాని గొట్టం నా బండి మీదే ఉంది.

రెండేళ్ళు పోయాక
రాజధాని నుంచి ఒకమ్మాయి పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చింది.
ప్రభుత్వ ప్రకటనట. రోజుకి మూడొందల పెసోలు, పదిహేను రోజులు.
ముందు గంట మోగుతుంది,
తర్వాత తేనె రాసిన గొంతు:
'ఆగండి. ఎవరు చెప్పారో అడగండి. తేలాకే ఇంకొకరికి పంపండి.'
రసీదు మీద సంతకం పెట్టాను.
చెయ్యి వణకలేదు. అందుకే భయమేసింది.

మొదటి రోజు గంట విని
ఐస్‌క్రీం బండి అనుకుని పిల్లలు చిల్లరతో పరిగెత్తుకొచ్చారు,
నన్ను తిట్టుకుంటూ పోయారు.
నాలుగో రోజుకి
దారిలో పడుకున్న కుక్క కూడా తల ఎత్తలేదు.

ఐదో రోజు ఎర్మెలిందా ముసలమ్మ
బండికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుంది.
'ఎవరు చెప్పారో అడగమంటోందిగా ఆ పిల్ల,
అడుగుతున్నా, ఎలెయుతేరియో.
ఆ రోజు నీకెవరు చెప్పారు?'

పెన్‌డ్రైవ్ పీకేశాను.
మైకు చేతిలోకి తీసుకున్నాను.
'ఆ మాట చాటింది నేను.
ఫోన్‌లో చూసి చదివాను. వ్యాన్‌ని చూడలేదు.
బడికెళ్ళి లెక్కపెట్టుంటే
నలభై ఒక్క మంది పిల్లలూ బెంచీల మీదే ఉండేవాళ్ళు.
బడి మా ఇంటికి రెండు వీధుల దూరం.'
ఆ తర్వాత ఏమనాలో తెలీక
అలవాటు కొద్దీ 'గ్యాస్... గ్యాస్' అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
ఎక్కడో ఒక కిటికీ మూసుకుంది.

నిన్న మళ్ళీ ఒక ఫోన్ అద్దం దగ్గరికొచ్చింది.
నీళ్ళ ట్యాంకులో విషం కలిపారట.
మైకు కట్టేసి కొండెక్కాను, మోకాళ్ళు తిడుతుంటే.
పంపు చూసుకునే రెఫూహియో
ఆ నీళ్ళతోనే చిక్కుడు గింజలు ఉడకేసుకుంటున్నాడు.
ఓ గిన్నెడు పెట్టాడు. తిన్నాను.
దిగొచ్చి ఉన్నదున్నట్టు చాటాను:
'పదింపావుకి ట్యాంకు దగ్గరున్నాను. నీళ్ళు తాగాను.
చిక్కుళ్ళు తిన్నాను. ఉప్పు తక్కువైంది.'
ఈ చాటింపుకి రసీదు లేదు.

ఎర్మెలిందా వసారాలో
ఆ మంగళవారం బాగుచేయించాలని బయటపెట్టిన మిషను
ఇంకా అక్కడే ఉంది,
సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి.
ఆ ఇంటి ముందుకొచ్చేసరికి
నేను వాల్యూమ్ తగ్గిస్తాను.
ఆమె పెంచమని సైగ చేస్తుంది.